టస్కిగీ విద్యాశిల్పి బుకర్ వాషింగ్టన్

బడికీ బ్రతుకుతెరువుకూ సంబంధం ఉండాలా, ఉంటే ఎంతవరకు ఉండాలి అన్న ప్రశ్న ఎన్నడూ తీరినది కాదు. చదువు మనోవికాసానికే గాని పొట్టపోసుకోవడానికి కాదనేవారు ఒక వైపు, కూడు పెట్టని చదువు చదువే కాదనేవారు మరొక వైపు నిలిచి తరతరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదాన్ని మాటలతో గాక చేతలతో తేల్చి చూపడానికి పూనుకొన్నవారిలో అమెరికా దేశపు నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ అగ్రగణ్యుడు. బానిసగా పుట్టి, ఒక మహావిద్యాసంస్థను నిర్మించి, తన జాతికి పెద్దదిక్కై, చివరకు ఆ జాతిలోని విద్యావంతులచేతనే తీవ్ర విమర్శకు గురియైన ఈ మహనీయుని జీవితం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఒక పాఠ్యగ్రంథం వంటిది. ఆయన సాధించిన దానినుండి ఎంత నేర్చుకోవచ్చునో, సాధించలేకపోయిన దానినుండి కూడా అంతే నేర్చుకోవచ్చును.

ఉప్పు బట్టీల నీడలో

వర్జీనియా రాష్ట్రంలో పొగాకు పండించే ఒక కమతంలో ఆయన జన్మించాడు. అది 1856వ సంవత్సరమని ఇప్పుడు అందరూ అంగీకరిస్తున్నారు గాని, ఆయనకు మాత్రం తన వయస్సు ఎంతో చిరకాలం రూఢిగా తెలియలేదు. పశువులతోపాటు ఆస్తిపట్టీలో చేరే బానిసబిడ్డల పుట్టినరోజులు వ్రాసిపెట్టవలసిన అవసరం ఎవరికీ కనిపించేది కాదు. తల్లి జేన్ యజమాని ఇంట వంటమనిషి. తండ్రి ఎవరో శ్వేతజాతీయుడని వినికిడియే గాని ఆయన ఎవరో బుకర్‌కు తెలియదు. మట్టినేల గల ఒంటిగది దుంగల గుడిసె వారి నివాసం. అదే ఆ కమతానికంతటికీ వంటశాల. యజమాని కుమార్తె బడికి పోయేటప్పుడు ఆమె పుస్తకాలు మోసుకొని గుమ్మం దాకా వెళ్లడం ఈ బాలుని పనులలో ఒకటి. లోపల బాలబాలికలు పుస్తకాలు ముందుంచుకొని కూర్చున్న దృశ్యం ఆ బాలునికి స్వర్గంలా తోచింది. ఆ గుమ్మం దాటే హక్కు అతనికి లేదు. బానిసకు చదువు చెప్పడమే ఆ కాలంలో ఆ ప్రాంతంలో నేరం.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం తొలగింది. మారుతండ్రి పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ గ్రామంలో ఉప్పు బట్టీలలో పనికి కుదిరి ఉండడంవల్ల కుటుంబమంతా అక్కడికి తరలిపోయింది. బావులనుండి తోడిన ఉప్పునీటిని మరిగించి, ఉప్పు తీసి, పీపాలకు ఎత్తడం అక్కడి పరిశ్రమ. మారుతండ్రితోపాటు బుకర్ కూడా ఆ పనిలో చేరవలసి వచ్చింది. ప్రతి కూలివాని పీపాల మీదనూ వాని సంఖ్య వేసేవారు. మారుతండ్రి సంఖ్య 18. రోజూ సాయంకాలం పీపాల మీద పడే ఆ గుర్తును చూచి చూచి ఆ బాలుడు దానిని పోల్చుకోవడం నేర్చాడు. జీవితంలో ఆయన చదివిన మొదటి అక్షరం, అక్షరం కాదు, అంకె. అదీ పలక మీద కాదు, పీపా మీద. పనిలోనుండి పాఠం పుట్టగలదని ఆ బాలునికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

తల్లి ఎక్కడనుండియో ఒక పాత వర్ణమాల పుస్తకం సంపాదించి ఇచ్చింది. ఊరిలో నల్లపిల్లలకు బడి పెట్టినప్పుడు, తెల్లవారుజామున పని ముగించుకొని పోవడానికి మాత్రమే అతనికి అనుమతి దొరికింది. బడిలో పేరు అడిగితే బుకర్ తప్ప మరొక పేరు లేని ఆ బాలుడు, తక్కినవారందరికీ రెండేసి పేర్లుండడం గమనించి, తన ఇంటిపేరు వాషింగ్టన్ అని తానే చెప్పుకొన్నాడు. తరువాత బొగ్గుగనిలో పనిచేస్తుండగా, నల్లజాతి యువకులు పనిచేసుకొంటూ చదువుకోవడానికి వీలైన విద్యాలయం ఒకటి హాంప్టన్ అనేచోట ఉన్నదని ఇద్దరు గనికూలీలు చెప్పుకొనే మాటలు చీకటిలో అతని చెవిన పడ్డాయి. ఆనాటినుండి హాంప్టన్ చేరడమే అతని ఏకైక సంకల్పమైంది.

చీపురుతో ప్రవేశపరీక్ష

1872లో, పదహారేండ్ల ప్రాయంలో, ఆయన ఇల్లు విడిచాడు. ప్రయాణం సుమారు 500 మైళ్లు. చేతిలోని కొద్దిపాటి సొమ్ము దారిలోనే అయిపోయింది. రిచ్మండ్ నగరంలో పగలు ఓడనుండి ఇనుప దిమ్మెలు దింపే కూలిపని చేసి, రాత్రులు కాలిబాటగా వేసిన చెక్కల క్రింద నేలమీద పడుకొని, దారి ఖర్చు కూడబెట్టుకొన్నాడు. హాంప్టన్ చేరేటప్పటికి మిగిలినది 50 సెంట్లు.

మాసిన బట్టలతో వచ్చిన ఆ యువకుని చేర్చుకోవడానికి ప్రధానోపాధ్యాయురాలు సందేహించింది. కొన్ని గంటలు వేచియుండనిచ్చి, చివరకు ప్రక్కగది ఊడ్వమని చీపురు చూపింది. ఆయన ఆ గదిని మూడుసార్లు ఊడ్చాడు. బల్లలూ కిటికీలూ నాలుగుసార్లు తుడిచాడు. ఆమె వచ్చి, చేతిరుమాలుతో గోడలూ బల్లలూ రుద్ది చూచి, ఎక్కడా దుమ్ము కానరాక, ప్రవేశం ఇచ్చింది. మాల్డెన్‌లో ఒక ఇంట పనిచేసిన కాలంలో ఆ ఇల్లాలి వద్ద అలవరచుకొన్న శుభ్రత ఆయనకు ఇక్కడ అక్కరకు వచ్చింది. గదులు శుభ్రపరచే పనియే ఇచ్చి, ఆ సంపాదనతో ఆయనను అక్కడ చదువుకోనిచ్చారు.

హాంప్టన్ విద్యాలయాన్ని 1868లో స్థాపించిన శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్, అంతర్యుద్ధంలో నల్లసైనికులకు నాయకత్వం వహించిన సేనాని. బానిసత్వంనుండి వెలువడిన జాతికి పుస్తకవిద్యతోపాటు చేతిపనియూ, దానివల్ల కలిగే స్వావలంబనమూ, క్రమశిక్షణయూ అవసరమని ఆయన దృఢవిశ్వాసం. బానిసగా చేసిన పనికీ స్వేచ్ఛామానవుడుగా చేసే పనికీ గల భేదం బుకర్‌కు అక్కడనే అవగతమైంది. మొదటిది శిక్ష, రెండవది శిక్షణ. 1875లో పట్టభద్రుడై, కొంతకాలం మాల్డెన్‌లో ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1879లో ఆయన హాంప్టన్‌కే అధ్యాపకుడుగా తిరిగి వచ్చాడు.

ఓటు ఫలించిన బడి

ఇక టస్కిగీ కథ. అలబామా రాష్ట్రంలో, నల్లరేగడి భూములలో, పత్తి పంటకు పేరుపొందిన మేకన్ కౌంటీలోని చిన్న పట్టణం అది. అక్కడ లూయిస్ ఆడమ్స్ అనే నల్లజాతి పనివాడు ఉండేవాడు. రేకుపని, చెప్పులు కుట్టడం, గుర్రపు జీనులు చేయడం అన్నీ ఎరిగిన ఆయన ఒకప్పుడు బానిస. 1880 ఎన్నికలలో శాసనసభకు పోటీచేసిన ఒక శ్వేతజాతీయుడు నల్లవారి ఓట్ల కోసం ఆయనను ఆశ్రయించాడు. ఆడమ్స్ తనకంటూ ఏమీ కోరలేదు; తన జాతివారికి ఒక పాఠశాల కావాలన్నాడు. ఓట్లు పడ్డాయి, అభ్యర్థి గెలిచాడు, మాట నిలుపుకొన్నాడు. ఉపాధ్యాయుల జీతాలకు ఏటా 2,000 డాలర్లు ఇవ్వడానికి శాసనసభ ఒప్పుకొన్నది. టస్కిగీ విద్యాలయం ఒక వృత్తిపనివాని ముందుచూపుకూ, నల్లవారి ఓటుకూ పుట్టిన బిడ్డ. ఈ సంగతి ముందు ముందు మరల జ్ఞాపకం చేసుకోవలసి వస్తుంది.

ప్రధానాధ్యాపకుని పంపుమని వారు ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్రాసినప్పుడు శ్వేతజాతీయుడే వస్తాడని తలపోశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇరవై అయిదేండ్ల వాషింగ్టన్ పేరు సూచించాడు. 1881 జూన్‌లో ఆయన టస్కిగీ చేరి చూడగా స్థలం లేదు, భవనం లేదు, పలక లేదు, బలపం లేదు. జీతాలకు సొమ్ము ఉన్నది. బడి మాత్రం లేదు.

ఆయన బడి తెరవడానికి ముందు చేసిన పని మిక్కిలి గమనింపదగినది. కంచరగాడిద బండి ఎక్కి, ఒక నెల దినాలు చుట్టుపట్ల పల్లెలు తిరిగాడు. కూలివాళ్ల గుడిసెలలో వారితోపాటు తిన్నాడు, వారితోపాటు పడుకొన్నాడు. ఆయన చూచినది ఇది. ఇంటి గుమ్మం దాకా పత్తి చేను. ఒక్క కూరమొక్క లేదు. తిండికి అంగడిలో అప్పుగా తెచ్చిన పందిమాంసమూ మొక్కజొన్న రొట్టెయూ. ఒక ఇంట భోజనానికి కూర్చుంటే అయిదుగురికి ఒకటే ఫోర్కు. అదే గదిలో ఒక మూల, వాయిదాల మీద 60 డాలర్లకు కొంటున్న ఆర్గన్ వాద్యం! మరొకచోట కలుపు మొక్కలు పెరిగిన దొడ్డి, అపరిశుభ్రమైన ఒంటిగది ఇల్లు. ఆ గదిలో జిడ్డుపట్టిన బట్టలతో ఒక యువకుడు ఫ్రెంచి వ్యాకరణం వల్లిస్తూ కనిపించాడు. చదువు ఒక దారి, బ్రతుకు ఒక దారి పట్టిన ఆ దృశ్యం ఆయన మనస్సునుండి ఎన్నడూ తొలగలేదు. ఏ ఊరిలో బడి పెట్టవలెనో ఆ ఊరి పొలం, పొయ్యి, అప్పు తెలుసుకోనిదే పాఠ్యక్రమం నిర్ణయించరాదని ఆయన నిశ్చయించాడు.

ఆవం కాలిన వేళ

1881 జూలై 4వ తేదీన, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవాన, ఒక చర్చి ప్రక్కనున్న శిథిలమైన పాకలో 30 మంది విద్యార్థులతో విద్యాలయం ప్రారంభమైంది. వాన కురిస్తే ఒక విద్యార్థి లేచి, పాఠం చెప్పే గురువుకు గొడుగు పట్టేవాడు. త్వరలోనే హాంప్టన్ కోశాధికారి వ్యక్తిగతంగా ఇచ్చిన 250 డాలర్ల అప్పుతో, పాడుపడిన 100 ఎకరాల కమతాన్ని 500 డాలర్లకు బేరమాడుకొన్నారు. ఓలీవియా డేవిడ్సన్ అనే ఉపాధ్యాయిని ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి తక్కిన బాకీ తీర్చడంలో తోడ్పడింది. తరువాత ఆమె వాషింగ్టన్ సహధర్మచారిణి అయింది. ఆ కమతంలోని గుర్రపుశాలా కోళ్లగూడూ తరగతి గదులయ్యాయి.

తుప్పలు నరికి పొలం సాగుచేయాలని ఆయన అన్నప్పుడు విద్యార్థులు ముఖాలు చిట్లించారు. వారిలో పలువురు అప్పటికే పల్లెలలో ఉపాధ్యాయులు; లావుపాటి పుస్తకాల పేర్లు కంఠస్థం చేసినవారు. గొడ్డలి పట్టడం బానిసల పని అని వారి భావం. తల్లిదండ్రులు కూడా, మా బిడ్డలను పనికి కాదు చదువుకు పంపామని నిరసన తెలిపారు. తరతరాలు కొరడా దెబ్బలు తిని చేసిన పనిమీద వారికి ఏవగింపు కలగడం సహజమే. ఆయన వాదించలేదు. గొడ్డలి భుజాన వేసుకొని తానే ముందు నడిచాడు. గురువు చెట్టు నరుకుతుంటే శిష్యులు ఎంతసేపు గట్టున నిలువగలరు?

అన్నింటిలోకీ కష్టమైనది ఇటుకల పని. పట్టణంలో ఇటుకల పరిశ్రమ లేదు; విద్యాలయానికి భవనాలు కావాలి; బయట ఇటుకలకు గిరాకీ ఉన్నది. ఈ మూడు సంగతులూ కలిపి చూచి ఆయన ఇటుకలు చేయించడానికి పూనుకొన్నాడు. మోకాలిలోతు బురదలో దిగి మన్ను తొక్కడం విద్యార్థులకు బొత్తిగా గిట్టలేదు. కొందరు బడియే మానివేశారు. ఎన్నో స్థలాలు చూచి, తగిన మన్ను ఏరి, సుమారు 25,000 ఇటుకలు కోసి మొదటి ఆవం పేర్చారు. అది సరిగా కాలలేదు. రెండవ ఆవమూ చెడింది. మూడవ ఆవం వారం రోజులు మండి, మరి కొద్ది గంటలలో పూర్తికావలసి ఉండగా నడిరాత్రి కూలిపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇక విడిచిపెట్టమని తోటి ఉపాధ్యాయులందరూ సలహా ఇచ్చారు. ఆయన మాంట్గమరీ పట్టణానికి పోయి, తన గడియారాన్ని 15 డాలర్లకు కుదువబెట్టి, నాలుగవ ఆవం పేర్పించాడు. అది కాలింది. కుదువబెట్టిన గడియారాన్ని ఆయన మరల విడిపించుకోలేకపోయాడు. అందుకు ఎన్నడూ చింతించనూ లేదు. 1900 ప్రాంతానికి ఆ విద్యార్థులు ఏటా 12 లక్షల మేలురకం ఇటుకలు తయారుచేసే స్థితికి వచ్చారు.

ఈ ఇటుకలు గోడలకే గాక సంఘానికి కూడా ఉపయోగించాయి. నల్లవారికి చదువు చెప్పితే పనికిరాకుండా పోతారని నమ్మిన పట్టణవాసులైన శ్వేతజాతీయులు, మంచి ఇటుకలు దొరుకుతాయని విని ఆ విద్యాలయం గడప త్రొక్కారు. కొనడానికి వచ్చినవారు చూచి వెళ్లారు, చూచినవారు మాట్లాడసాగారు. బండ్ల తయారీ కూడా ఇట్లే ఆరంభమైంది. విద్యాలయంలో చేసిన బండ్లు ఊరివారు కొన్నారు. బండి పాడైతే బాగుచేయించడానికి అక్కడికే వచ్చారు. ఆ పని నేర్చి వెళ్లిన యువకుడు ఏ ఊరికి పోయినా అతని అవసరం ఆ ఊరికి ఉండేది. 1901 నాటికి టస్కిగీలో 40 భవనాలు లేచాయి. వాటిలో నాలుగు తప్ప తక్కినవన్నీ విద్యార్థుల చేతులమీదుగా నిర్మాణమైనవే.

కార్ఖానాలో గణితం

పని నేర్పించడం ఒక ఎత్తు. పనిని పాఠంగా మార్చడం మరొక ఎత్తు. వాషింగ్టన్ దృష్టిలో వడ్రంగిశాల వేరు, గణితశాల వేరు కాదు. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయి, ఎకరం దున్నడానికి ఎంత వ్యయమవుతుంది, పాలు అమ్మితే లాభమా వెన్న తీసి అమ్మితే లాభమా అనే ప్రశ్నలే లెక్కలుగా మారాలి. తాను చేసిన పనిని వర్ణించడమే వ్యాసరచన కావాలి. పొలంలోని మన్నే రసాయనశాస్త్రానికి ప్రవేశం కావాలి. ఉపాధ్యాయులు కార్ఖానాలకు వెళ్లి చూచి, అక్కడి విషయాలు తరగతికి తెచ్చుకోవాలని ఆయన పట్టుదల. ఇది అందరికీ రుచించలేదు. పుస్తకవిద్య గరపేవారికి ఇది తమ శాస్త్రాన్ని చిన్నబుచ్చడంగా తోచింది. ఆ ఘర్షణ టస్కిగీలో ఎన్నడూ పూర్తిగా సమసిపోలేదు.

బీదవిద్యార్థుల కోసం 1884లో రాత్రి పాఠశాల వెలసింది. పగలు పది గంటలు పని, రాత్రి రెండు గంటలు చదువు. పనికి వచ్చిన కూలి సొమ్ము వారి పేర జమకట్టి, తరువాత పగటి తరగతులలో చేరినప్పుడు ఖర్చులకు మళ్లించేవారు. ఆ కఠిన పరీక్షకు నిలిచినవాడు ఇక దేనికైనా నిలుస్తాడని ఆయన నమ్మకం.

నిపుణులను రప్పించడంలో కూడా ఆయన దృష్టి సునిశితమైనది. మాసచ్యుసెట్స్ సాంకేతిక విద్యాలయంనుండి పట్టం పొందిన తొలి నల్లజాతీయుడు రాబర్ట్ టేలర్ 1892లో టస్కిగీకి వచ్చి, భవనాలకు రూపురేఖలు దిద్ది, ఆ విద్య విద్యార్థులకు నేర్పాడు. 1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ వ్యవసాయశాఖకు అధిపతిగా వచ్చాడు. ఏకపంటగా పత్తి వేసి వేసి నిస్సారమైన ఆ నేలకు అలసంద, వేరుశనగ, చిలగడదుంప వంటి పంటలు మేలని కార్వర్ ప్రయోగాలతో నిరూపించాడు. తెలిసిన సంగతులు సామాన్యుడైన రైతుకు అర్థమయ్యే భాషలో చిన్న చిన్న పత్రాలుగా అచ్చువేయించాడు. టస్కిగీ పట్టభద్రుడొకడు, ఎకరానికి సగటున 49 బుషెళ్లు పండే ప్రాంతంలో 266 బుషెళ్ల చిలగడదుంప పండించినప్పుడు, చుట్టుపట్ల శ్వేతరైతులు సైతం ఆ విద్య ఏమిటో తెలుసుకోవడానికి అతని వద్దకు వచ్చారు.

1892 మొదలుకొని ఏటేటా రైతుల మహాసభ జరిగేది. ఉపన్యాసాలు వినడానికంటె తమ కష్టసుఖాలు చెప్పుకోవడానికే రైతులు అక్కడ చేరేవారు. ఏ రైతు అప్పు తీర్చాడు, ఎవరు సొంతభూమి కొన్నారు అన్నదే ఆ సభలో చర్చ. సభకు రాలేనివారి వద్దకు బడియే పోవాలన్న ఆలోచనతో 1906లో ఒక బండి సిద్ధమైంది. న్యూయార్క్ ధనికుడు మారిస్ జెసప్ ఇచ్చిన సొమ్ముతో తయారైన ఆ జెసప్ బండి, నాగళ్లూ విత్తనాలూ వెన్నచిలికే పరికరాలూ వేసుకొని పల్లె పల్లెకూ తిరిగింది. బడి ఊరిని పిలవడం లోకంలో ఉన్నదే; ఊరిలోకి బడి నడిచిపోవడం మాత్రం ఆనాటికి క్రొత్త. స్త్రీల విషయంలో ఆయన మూడవ భార్య మార్గరెట్ మర్రే శ్రద్ధ వహించింది. సంతకు వచ్చే పల్లెపడుచులను కూడదీసి, గృహనిర్వహణమూ శిశుపోషణమూ బోధించింది.

కీర్తి, విమర్శ

1895 సెప్టెంబరు 18న అట్లాంటా నగరంలో జరిగిన పత్తిరాష్ట్రాల ప్రదర్శనలో ఆయన చేసిన ప్రసంగం దేశమంతటా మారుమ్రోగింది. నల్లవారు ముందుగా వ్యవసాయంలో, పరిశ్రమలలో, వర్తకంలో నిలదొక్కుకోవాలనీ, సాంఘిక సమానత్వం కోసం ఇప్పుడే ఆందోళన చేయడం అవివేకమనీ ఆ ప్రసంగసారం. శ్వేతజాతి ధనికులు హర్షించారు, విరాళాలు ప్రవహించాయి. ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ 1903లో 6 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1901లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఆయనను శ్వేతసౌధానికి విందుకు ఆహ్వానించగా, నల్లవానితో అధ్యక్షుడు సహపంక్తి భోజనం చేశాడని దక్షిణాది పత్రికలు గగ్గోలు పెట్టాయి.

కాని ఆయన ఓర్పు వహించమన్న ఆ సంవత్సరాలలోనే నల్లవారి హక్కులు ఒక్కొక్కటిగా ఊడ్చుకొని పోయాయి. 1896లో అత్యున్నత న్యాయస్థానం జాతుల వేర్పాటును సమర్థించింది. 1901లో అలబామా తన క్రొత్త రాజ్యాంగంతో నల్లవారిలో అత్యధికుల ఓటు తీసివేసింది. ఏ ఓటువల్ల టస్కిగీ పుట్టిందో ఆ ఓటే టస్కిగీ ఉన్న గడ్డమీద లేకుండా పోయింది!

ఈ దుస్థితిని చూచి గొంతెత్తినవాడు డబ్ల్యు. ఇ. బి. డు బోయ్స్. హార్వర్డులో డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడైన ఈ పండితుడు 1903లో వెలువరించిన గ్రంథంలో వాషింగ్టన్ మార్గాన్ని నిశితంగా పరీక్షించాడు. ఆయన శ్రమనూ సాధించిన ఫలితాలనూ గౌరవిస్తూనే, ఓటూ పౌరహక్కులూ ఉన్నతవిద్యా విడిచిపెట్టుకొన్న జాతి కేవలం చేతిపనితో తన ఆస్తిని కూడా కాపాడుకోలేదని వాదించాడు. పల్లెబడులకే గాక టస్కిగీకి సైతం ఉపాధ్యాయులు నల్లవారి కళాశాలలనుండియే రావలసి ఉన్నదని గుర్తుచేశాడు. ఈ వాదంలో బలం ఉన్నది. టేలర్, కార్వర్ వంటి ఉన్నత విద్యావంతులు లేనిదే టస్కిగీ వృత్తివిద్య నడిచేదా?

మరొక చిక్కు కూడా ఉన్నది. చేతితో ఇటుక కోయడం, బండి చక్రం చేయడం, జీను కుట్టడం వంటి వృత్తులను టస్కిగీ నేర్పుతున్న కాలంలోనే యంత్రాలు వాటిని మ్రింగివేయ నారంభించాయి. పెద్ద కర్మాగారాలలోనూ, శ్వేతజాతి కార్మిక సంఘాలలోనూ నల్లవారికి సాధారణంగా ప్రవేశం లేదు. నేర్చినపని ఉన్నది, ఆ పనికి తలుపు తెరిచే హక్కు లేదు. పట్టభద్రులలో అనేకులు నేర్చిన వృత్తిని విడిచి ఉపాధ్యాయులయ్యారు. ఒక ప్రాంతపు నేటి పరిశ్రమకే బిడ్డను కట్టివేస్తే, ఆ పరిశ్రమ రేపు మారినప్పుడు వాని గతి ఏమిటన్న ప్రశ్నకు ఆయన పథకంలో సరియైన సమాధానం లేదు.

అయితే ఆయన పైకి కనిపించినంత లొంగుబాటు మనిషి కాడని మరణానంతరం బయటపడిన లేఖలు తెలియజేశాయి. ఓటుహక్కు హరించిన అలబామా చట్టాలకు విరుద్ధంగా నడిచిన వ్యాజ్యాలకు ఆయన రహస్యంగా ధనసహాయం చేశాడు. బహిరంగంగా ఓర్పు బోధించి, చాటున పోరాటానికి సొమ్ము పంపిన ఆ ద్వంద్వ జీవితం ఎంత భారమై ఉంటుందో ఊహించవచ్చును. తన మాటలో కాఠిన్యం కనిపిస్తే వందలాది విద్యార్థుల విద్యాలయం బుగ్గికావచ్చునన్న భయం అకారణం కాదు; మూకలు నల్లవారిని పట్టి చంపుతున్న రోజులవి. కాని ఆ మౌనానికి జాతి చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు.

చివరి సంవత్సరాలు

జీవితపు చివరిదశలో ఆయన దృష్టి పల్లెబడుల మీదికి మళ్లింది. చికాగో వర్తకుడు జూలియస్ రోజెన్వాల్డ్ 1912లో ఇచ్చిన విరాళంలో కొంత మిగలగా, దానితో టస్కిగీ పరిసరాలలో ఆరు చిన్న పాఠశాలలు కట్టించాడు. గ్రామస్థులు తమవంతు సొమ్మూ శ్రమా చేర్చాలన్నది అందులోని నియమం. ఆ అంకురం పెరిగి, ఆయన మరణానంతరం 1932 నాటికి దక్షిణాది రాష్ట్రాలలో సుమారు 5,000 పాఠశాల భవనాలుగా విస్తరించింది.

విశ్రాంతి ఎరుగని ఆ శరీరం 1915లో న్యూయార్క్‌లో కుప్పకూలింది. దక్షిణాదిలో పుట్టిన తాను అక్కడనే కన్నుమూయాలని కోరుకొని, రైలెక్కి టస్కిగీ చేరి, నవంబరు 14న ఆయన తుదిశ్వాస విడిచాడు. అప్పటికి వయస్సు 59. ముప్పది మందితో, కారే కప్పు క్రింద మొదలైన ఆ బడిలో నాటికి సుమారు 1,500 మంది విద్యార్థులూ, 100కు పైగా భవనాలూ ఉన్నాయి.

టస్కిగీ ఆయనతో ఆగలేదు. తరువాతి తరంవారు ఉన్నతవిద్యను చేర్చుకొన్నారు; కళాశాల పట్టాలు ఇవ్వసాగారు. 1941లో ప్రారంభమైన శిక్షణలో నల్లజాతి వైమానికులు అక్కడ తయారై రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుగాంచారు. 1985లో ఆ సంస్థ విశ్వవిద్యాలయమైంది. ఇటుకలతో ఆరంభమైన చదువు విమానాల దాకా పోయిందంటే, వాషింగ్టన్ వేసిన పునాదియూ, డు బోయ్స్ చూపిన కొరతయూ రెండూ నిజమేనని తేటపడుతున్నది.

భారతదేశానికి ఆయన పేరు క్రొత్తది కాదు. దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీజీ 1903లోనే తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో వాషింగ్టన్ జీవితాన్ని ప్రశంసిస్తూ వ్రాశారు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యావిధానంలో కూడా చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలన్న భావమే ప్రధానం. రాట్నం తిప్పడం వేరు, రాట్నం ద్వారా గణితమూ చరిత్రయూ నేర్పడం వేరు అన్న ఎరుక గల ఉపాధ్యాయుడు ఉన్నచోట ఆ విధానానికి ప్రాణం వస్తుంది. లేనిచోట అది ఒక అదనపు గంటగా మిగిలిపోతుంది.

బడి తన ఊరిని ఎరుగాలి. ఊరిలోని మగ్గమో, చెరకుగానుగో, కమ్మరికొలిమియో, కర్మాగారమో పాఠంలోకి రావాలి. బండి ఎక్కి నెల దినాలు పల్లెలు తిరిగిన ఆ ఇరవై అయిదేండ్ల ఉపాధ్యాయుడు చేసిన బోధ ఇది. కాని ఊరి పరిశ్రమ విద్యార్థికి నిలబడడానికి మెట్టు కావాలే గాని, తల ఎత్తకుండా చేసే కప్పు కారాదు. చేతికి పని నేర్పినంత శ్రద్ధగా, ఆ పని మారిన నాడు క్రొత్తపని నేర్వగల బుద్ధినీ, ఆ పనికి తగిన హక్కు అడుగగల ధైర్యాన్నీ కూడా బడి ఇవ్వాలి. మొదటి పాఠాన్ని వాషింగ్టన్ తన విజయంతో నేర్పాడు. రెండవ పాఠాన్ని తన పరిమితితో నేర్పాడు.